అప్‌డేట్: విజయనగరంలో కారు బేరం తెగింది

ఇంటికి కొత్త కారు తీసుకుంటున్నామని, కొటేషన్‌లో ఇన్సూరెన్స్ మరీ ఎక్కువ వేశారని, ఎలా బేరమాడాలని అడిగాను కదా. మొత్తానికి తెగింది.

మీరు చెప్పినట్టే ఆన్‌రోడ్ మొత్తం (ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన ధర) పక్కనపెట్టి, ఒక్కో లైను విడిగా రాసిమ్మన్నాను. లైఫ్ ట్యాక్స్ ప్రభుత్వానిది, దాని జోలికి పోలేదు. అసలు సంగతంతా ఇన్సూరెన్స్‌లోనే ఉంది. కొత్త కారుకు థర్డ్ పార్టీ కవర్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) 3 ఏళ్లకు తప్పనిసరి, దాని ప్రీమియం ఏ కంపెనీలోనైనా ఒకటే. తేడా ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి కవర్), యాడ్‌ఆన్‌లలో (అదనపు కవర్లలో) వస్తుంది. అదే ఐడీవీకి (ఇన్సూరెన్స్ కోసం బండికి కట్టే విలువ) బయట తీసిన కొటేషన్ చూపిస్తే, "బయట తీసుకుంటే మా దగ్గర క్యాష్‌లెస్ అవ్వదు సార్" అన్నాడు సేల్స్ కుర్రాడు. అంటే రిపేరు బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీ నేరుగా వాళ్లకు కట్టదని. ఆ ఇన్సూరెన్స్ కంపెనీ గ్యారేజీల జాబితాలో వాళ్ల వర్క్‌షాపే ఉంది! ఫోన్ తిప్పి చూపించాను. లోపలికి వెళ్లొచ్చి బయటి రేటుకే ఇస్తామన్నాడు. హ్యాండ్లింగ్ ఛార్జీలు కూడా కొట్టేశారు.

విశాఖ డీలరు వాట్సాప్‌లో పంపిన రేటు చూపించినా క్యాష్ డిస్కౌంట్ రూపాయి పెరగలేదు. మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు ఇచ్చారు. ఇంకా లాగొచ్చంటాడు మా బావ. ఆయన చీరల కొట్టులోనూ అదే అంటాడు.

తయారీ నెల చూసుకున్నాకే మిగతా డబ్బు కట్టాం. బండి పూజ పైడితల్లమ్మ గుడి దగ్గరే.