పార్టీ చందాకు పన్ను మినహాయింపు ఉండాలా, ఎత్తేయాలా?

గాజువాక ఉద్యోగి:
మా సెక్షన్‌లో ఇద్దరికి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల మెసేజ్ వచ్చింది. పార్టీ చందాకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీజీసీ సెక్షన్ కింద లక్ష చందా చూపించారు, ఓసారి సరిచూసుకోండి అని. జరిగిందేంటంటే, రిటర్నులు వేసే ఏజెంటు చెప్పిన ఖాతాకు డబ్బు పంపారు. కమీషన్ పట్టుకుని మిగతాది చేతిలో పెట్టాడు. ఇద్దరికీ ఆ పార్టీ పేరు కూడా గుర్తు లేదు! నన్నడిగితే ఆ 80జీజీసీ సెక్షనే తీసేయాలి.

సీతమ్మధార:
ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెడతామా? నేను నమ్మిన పార్టీకి ఏటా యూపీఐలో పంపుతాను, రసీదు దాచుకుంటాను. నగదు ఇస్తే మినహాయింపు రాదు. పార్టీ ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ కింద రిజిస్టర్ అయి ఉండాలి. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) నుంచి రిటర్న్‌లో తేదీ, లావాదేవీ నంబరు, బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కూడా అడుగుతున్నారు. 2025 జూలైలో దొంగ మినహాయింపుల మీద 150 చోట్ల తనిఖీలు చేశారు కదా. దొంగల్ని పట్టుకోనివ్వండి, మా జోలికెందుకు?

ఎంవీపీ పెద్దాయన:
దొంగల సంగతి అటుంచండి, నిజాయితీగా ఇచ్చినా లెక్క తేడాగానే ఉంది. లక్ష ఇస్తే 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి సెస్సుతో కలిపి 31,200 మిగులుతుంది. 20 శాతం వాడికి 20,800. కొత్త పన్ను విధానంలో ఉన్నవాడికి సున్నా. పైగా ఇంతకు మించి కుదరదన్న పరిమితి విడిగా లేదు. అంటే సంపాదన ఎక్కువున్నవాడి రాజకీయాలకు ఖజానా ఎక్కువ సాయం చేస్తోందన్నమాట. మా అమ్మాయి కెనడాలో ఉంటుంది. అక్కడ 400 డాలర్లిస్తే, శ్లాబు ఏదైనా సరే, కట్టాల్సిన పన్నులోంచే 300 తగ్గుతుంది. ఏడాదికి 650 దాటి తగ్గదు. చిన్న చందాకే ఎక్కువ ఊతం. తీసేయడం కాదు, ఇలా మార్చాలి.

గాజువాక ఉద్యోగి:
బాగుంది సార్. కానీ 400 ఇచ్చి 300 తగ్గించుకోవచ్చంటే మన ఏజెంట్లు వీధికో పార్టీ పెడతారు! అది సరే, ఇప్పుడు ఆ ఇద్దరూ ఏం చేయాలి? టెన్షన్‌తో తిండి కూడా సరిగ్గా తినడం లేదు.

సీతమ్మధార:
అసెస్‌మెంట్ నోటీసు రాకముందే తప్పు దిద్దుకుంటూ అప్‌డేటెడ్ రిటర్న్ వేయమనండి తమ్ముడూ. అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక ఏడాదిలోపయితే పన్ను, వడ్డీ మీద అదనంగా 25 శాతం, రెండో ఏడాదయితే 50. తప్పుడు వివరాలిచ్చారని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లే తేలిస్తే ఎగ్గొట్టిన పన్నుకి రెండింతలు జరిమానా.

ఎంవీపీ పెద్దాయన:
అది మంచి సలహానే. పరిమితి ఎందుకు ఉండకూడదో మాత్రం మీరింకా చెప్పలేదు.