అప్‌డేట్: అమ్మ డాలస్ చేరింది

షుగర్‌కి ఇన్సులిన్ వాడుతున్న అమ్మను అమలాపురం నుంచి అంత దూరం ఎలా పంపాలని అడిగాను కదా, క్షేమంగా చేరింది.

ఇన్సులిన్ పెన్నులు, మాత్రలు అన్నీ చేతి బ్యాగులోనే పెట్టాం. లగేజీలో వేస్తే ఆ చలికి ఇన్సులిన్ గడ్డకట్టొచ్చు, గడ్డకడితే ఇక పనికిరాదు. ఆ బ్యాగులోనే పూతరేకులు కుక్కుతానని మా పిన్ని ఒకటే గొడవ! మందుల జనరిక్ పేర్లతో డాక్టర్ గారు ఇచ్చిన లెటర్ పైజేబులో పెట్టాం.

అసలు టెన్షన్ టైమ్ తేడాతోనే. అమ్మ వెళ్లినప్పుడు డాలస్ మనకంటే 10 గంటల 30 నిమిషాలు వెనక ఉంది, అంటే వెళ్లేటప్పుడు రోజు సాగుతుంది. ఏ డోసు ఎప్పుడో డాక్టర్ గారు మన టైమ్‌లోనే రాసిచ్చారు. అమ్మ దిగేదాకా వాచీ మార్చలేదు. భోజనం ట్రే ముందుకొచ్చాకే ఇంజెక్షన్.

కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మధ్యమధ్యలో నడవమన్నాం. వెనక సీట్లలో భీమవరం వాళ్లు కనిపించారట, కబుర్లకే చాలాసార్లు లేచింది. పాదాల వాపు రెండో రోజుకి తగ్గింది.

తిరుగు ప్రయాణంలో రోజు కుదించుకుపోతుంది కాబట్టి డోసుల చార్టు మళ్లీ రాయించాలి.