క్లెప్ పరీక్షలతో డిగ్రీ: ఫీజు కట్టేముందు ఏం చూసుకోవాలి?

ఫ్రిస్కో నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము అమెరికాకు, టెక్సాస్‌కు వచ్చి ఐదు నెలలైంది. మావారు హెచ్1 (ఉద్యోగ వీసా), నేను హెచ్4 (భార్యగా వచ్చే వీసా). కరీంనగర్‌లో బీకాం రెండో ఏడు అయ్యాక పెళ్ళయింది, మూడో ఏడు ఆగిపోయింది. ఇక్కడ డిగ్రీ పూర్తి చేయాలని చాలా ఉంది, కానీ ఫీజులు చూస్తే భయమేస్తోంది. క్లెప్ పరీక్షలు రాస్తే క్లాసులకు వెళ్ళకుండానే క్రెడిట్లు వస్తాయని గుడిలో కలిసిన ఒకావిడ చెప్పారు. నిజమేనా? ఈ నెలలోనే నాలుగైదు పరీక్షలకు కట్టేద్దామనుకుంటున్నాను.

ఇర్వింగ్ నుంచి జవాబు

చెల్లీ, నిజమే. కానీ ఈ నెల ఒక్క పరీక్షకు కూడా డబ్బు కట్టకు. ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. నేను కూడా హెచ్4 మీదే ఉన్నప్పుడు మార్కెటింగ్, సోషియాలజీ రెండూ రాసి పాసయ్యాను. తీరా యూనివర్సిటీలో చేరాక, ఈ క్రెడిట్లు ఇస్తాం గానీ మీ డిగ్రీలో వీటికి చోటు లేదన్నారు. రెండు నెలలు పిల్లాణ్ణి పడుకోబెట్టి రాత్రుళ్ళు చదివిన చదువు అది. ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చాను.

క్లెప్ అంటే కాలేజ్ లెవెల్ ఎగ్జామినేషన్ ప్రోగ్రామ్. దాన్ని నడిపేది కాలేజ్ బోర్డ్, కాలేజీ ప్రవేశాలకు శాట్ పరీక్ష పెట్టేవాళ్ళే. 1967 నుంచి ఉంది. ఇప్పుడు 34 పరీక్షలున్నాయి. చాలా వాటికి గంటన్నర టైము, కంప్యూటర్ మీద ఎక్కువగా మల్టిపుల్ చాయిస్. మార్కులు 20 నుంచి 80 దాకా ఇస్తారు. 50 వస్తే క్రెడిట్ ఇవ్వచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు చేస్తుంది. అది సిఫారసే. ఎన్ని మార్కులకు, ఏ కోర్సు కింద, ఎన్ని క్రెడిట్లు ఇవ్వాలన్నది ప్రతి కాలేజీ తనకు తానుగా నిర్ణయించుకుంటుంది. అందుకే ముందు కాలేజీ, తర్వాత మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఆ తర్వాతే పరీక్ష.

నువ్వు చేరాలనుకునే యూనివర్సిటీ డిగ్రీ ప్లాన్ (ఏయే కోర్సులు చదవాలో ఉండే పట్టిక) ప్రింట్ తీసుకో. మామూలుగా బ్యాచిలర్స్‌కు 120 గంటలుంటాయి, క్రెడిట్లనే ఇక్కడ గంటలంటారు. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలన్నిటిలో అందులో 42 గంటలు కోర్, అంటే ఏ మేజర్ వాళ్ళయినా చదవాల్సినవి. ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, అమెరికా చరిత్ర, ప్రభుత్వం లాంటివి అందులో వస్తాయి. పరీక్షలు బాగా పనికొచ్చేది అక్కడే. డిగ్రీ మొత్తం పరీక్షలతో అయిపోతుందని మాత్రం అనుకోకు. ఇక్కడి యూనివర్సిటీలకు గుర్తింపు ఇచ్చే సంస్థ నియమం ప్రకారం కనీసం 25 శాతం గంటలు డిగ్రీ ఇచ్చే చోటే చదవాలి. అంటే 120లో 30.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. నీ బీకాం రెండేళ్ళను ముందు ఎవాల్యుయేషన్ చేయించు, అంటే అక్కడి చదువు ఇక్కడి ఏ కోర్సులకు సమానమో ఒక సంస్థ చేత లెక్కగట్టించు. ఏ సంస్థ రిపోర్టు తీసుకుంటారో యూనివర్సిటీనే అడుగు, కోర్సువారీ రిపోర్టు తెప్పించు. అకౌంటెన్సీ, ఎకనామిక్స్ అక్కడే లెక్కలోకి వచ్చేస్తే మళ్ళీ అవే క్లెప్‌లో రాయడం వృథా. ఒక కోర్సుకు రెండుసార్లు క్రెడిట్ ఇవ్వరు.

ఆ రిపోర్టు వచ్చాక మిగిలేవి ఎక్కువగా అమెరికాకు సంబంధించిన సబ్జెక్టులే. యునైటెడ్ స్టేట్స్ చరిత్ర రెండు భాగాలు, మొదటిది 1877 వరకు, రెండోది 1865 నుంచి ఇప్పటిదాకా. టెక్సాస్ కోర్‌లో చరిత్రకు ఆరు గంటలు కావాలి, సాధారణంగా ఈ రెండూ దానికి సరిపోతాయి. మనం నిజాం గురించీ, క్విట్ ఇండియా గురించీ చదివాం గానీ పదమూడు కాలనీల గురించి చదవలేదు కదా. కాబట్టి తేలికని అనుకోకుండా ఒక్కోదానికి రెండు నెలలు పెట్టుకో. అమెరికన్ గవర్నమెంట్ కూడా రాయచ్చు. కానీ అందులో టెక్సాస్ రాజ్యాంగం ఉండదు, ఆ కోర్సు విడిగా చదవాల్సి వస్తుంది. కాలేజ్ ఆల్జీబ్రా సంగతి నీకే తెలియాలి. ఇంటర్ సీఈసీ అయితే పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టుకుని ఉండవు.

ఇంగ్లిష్ కాంపోజిషన్ మాత్రం క్లాసులోనే చదువు. పరీక్ష ఉంది, మల్టిపుల్ చాయిస్‌తో పాటు రెండు వ్యాసాలు రాస్తే గట్టెక్కచ్చు. అయినా కమ్యూనిటీ కాలేజీలో ఆ ఒక్క కోర్సు నాకిచ్చిన ధైర్యం ఏ పరీక్షా ఇవ్వలేదు. మనం రాసింది ఒకరు చదివి ఎర్ర పెన్నుతో దిద్దాలి. పైగా అదే కాలేజీ ప్రాంతంలో నివాసం ఉన్నవాళ్ళకు ఫీజు తక్కువ.

పరీక్ష ఫీజు వంద డాలర్లకు దగ్గరగా ఉంటుంది, సెంటర్ ఫీజు వేరే. మోడర్న్ స్టేట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ వెబ్‌సైట్‌లో ఉచిత కోర్సు పూర్తి చేస్తే పరీక్ష ఫీజుకు వోచర్ ఇస్తారు. అది వాడుకో.

ప్లానో నుంచి జవాబు

అక్క చెప్పినవన్నీ సరైనవే. నేను రెండు మూడు కలుపుతానమ్మా.

క్లెప్ క్రెడిట్లకు గ్రేడ్ ఉండదు, జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలవదు. మీకు ముందుముందు నర్సింగ్ లాంటి కోర్సుల ఆలోచన ఉంటే కెమిస్ట్రీ, బయాలజీ క్లెప్‌లో రాయకండి. వాటికి ల్యాబ్ ఉండదు. పైగా అలాంటి చాలా ప్రోగ్రాములు పరీక్ష క్రెడిట్లు ఒప్పుకోవు.

పేరు విషయంలో జాగ్రత్త. మన మార్కుల మెమోల మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. క్లెప్ రిజిస్ట్రేషన్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. ఐడీతో పేరు కలవకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

తప్పితే కుంగిపోకండి, మూడు నెలలాగి అదే పరీక్ష మళ్ళీ రాయచ్చు. హెచ్4 మీద ఒక్కో కోర్సు చొప్పున చదువుకోవడానికి అడ్డు లేదు. ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్ళు ఇది చదివి పొరబడకండి. సెమిస్టరుకు మామూలుగా 12 గంటలు మీరు నమోదై ఉండాలి, పరీక్ష క్రెడిట్లు ఆ లెక్కలోకి రావు.

ఫ్రిస్కో నుంచి

అక్కా, అన్నా, చాలా థాంక్స్. మంచి టైములో ఆపారు. నాది ఇంటర్ సీఈసీనే, ఆల్జీబ్రా పక్కన పెడతాను. మెమోలు నా దగ్గరే ఉన్నాయి, వాటి జిరాక్సులు పంపితే సరిపోతుందా?

ఇర్వింగ్ నుంచి

సాధారణంగా సరిపోదు చెల్లీ. నువ్వు బీకాం చదివిన యూనివర్సిటీ సీలు వేసిన కవరులోనో, వాళ్ళే నేరుగా పంపితేనో ఎవాల్యుయేషన్ సంస్థ తీసుకుంటుంది. ఊళ్ళో నాన్నగారో తమ్ముడో వెళ్ళి అడగాల్సి ఉంటుంది. దానికి వారాలు పట్టచ్చు, అందుకే ఆ పని ఇవాళే మొదలుపెట్టు. ఈలోగా ఇక్కడ నువ్వు చేరాలనుకునే యూనివర్సిటీ అడ్వైజర్‌కు మెయిల్ రాయి. ఫోన్‌లో వద్దు. ఏ పరీక్ష, ఎన్ని మార్కులు, మా డిగ్రీలో ఏ కోర్సుకు సరిపోతుంది, ఈ మూడూ రాతలో ఉండాలి. ఆ జవాబు రాగానే ఇక్కడ పెట్టు, కూర్చుని ఒక్కో వరుసా చూద్దాం.