‘గొళ్లెం నేనే పెట్టానట’: ఈ ‘ట’ ఉంచాలా, తీసేయాలా?

కామెంట్లలో చర్చ ఎటో వెళ్ళిపోయింది కాబట్టి అసలు ప్రశ్న మళ్ళీ ఒకసారి చెప్పుకుందాం. మన మిత్రులు రాస్తున్న నవలలో కథ చెప్పేవాడు ఏళ్ల తరబడి గడప దాటని మనిషి. చిన్నప్పుడు ఇంట్లో మంటలు లేచి, తమ్ముడు గదిలో చిక్కుకుని చనిపోయాడు. ఆ గదికి బయట గొళ్లెం పెట్టి ఉంది. ఎవరు పెట్టారన్నదే కథ. చాలాకాలం తర్వాత అక్క వచ్చి, మాట్లాడి వెళ్తుంది. ఆ రాత్రి అతను రాసుకున్న వాక్యం ‘గొళ్లెం నేనే పెట్టానట’. ప్రూఫులు చూసినవారు ‘ట’ కొట్టేసి ‘పెట్టాను’ అని దిద్దారు. తాను చేసిన పని తనకే తెలియకుండా ఎలా ఉంటుంది, ‘నేను’ పక్కన ‘అట’ అతకదు అన్నది వారి మాట.

అతుకుతుందండి. మనం అంటూనే ఉంటాం. ‘పుట్టగానే నేను ఏడవలేదట’, ‘రాత్రి నిద్రలో ఏదో కలవరించానట’, ‘జ్వరంలో అమ్మను కూడా గుర్తుపట్టలేదట’. చేసింది మనమే, చూసింది మాత్రం వేరేవాళ్ళు. పసితనం, నిద్ర, జ్వరం లాంటివాటిలో మన గురించి మనకు తెలిసిందంతా ఒకరు చెబితే తెలిసిందే. అందుకే అక్కడ ‘అట’ లేకుండా చెబితేనే వినేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుంది. పెద్ద దుర్ఘటన తర్వాత మనసు మూసుకుపోయిన పిల్లవాడి గతం కూడా ఈ కోవలోదే. కాబట్టి వ్యాకరణం పరంగా ఆ వాక్యంలో దిద్దడానికి ఏమీ లేదు.

‘అట’ మాట్లాడుకునే మాట, రాతకు పనికిరాదు అన్నవారికి పోతన పద్యం ఒక్కటి చాలు. ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట, నే పలికిన భవహరమగునట’. మూడు చోట్ల ‘అట’, మూడోదాంట్లో ‘నే’ కూడా ఉంది.

ఈ పద్యమే ఇంకో అపోహను కూడా తీరుస్తుంది. ‘అట’ అంటే అనుమానం అని చాలామంది అనుకుంటారు. పలికించేది రామభద్రుడట అన్నప్పుడు పోతన అనుమానపడుతున్నాడా? లేదు. ఆ మాటకు తాను కర్త కాడని చెబుతున్నాడు, అంతే. నిజంగా సందేహం కావలసిన చోట ఆయనే గజేంద్రుడి చేత వేరే రకంగా మాట్లాడించాడు. ‘కలడందురు దీనుల యెడ’ అని మొదలుపెట్టి, మూడుసార్లు ‘అందురు’ అనిపించి, చివర ‘కలడు కలండనెడువాడు కలడో లేడో’ అనిపించాడు. ‘అందురు’ దాకా లోకం మాట. ‘కలడో లేడో’ దగ్గర గజేంద్రుడి గొంతు. ఎవరు చెప్పారన్నది ఒక సంగతి, నేను నమ్ముతున్నానా అన్నది మరో సంగతి. తెలుగులో ఈ రెండిటికీ వేర్వేరు పనిముట్లు ఉన్నాయి.

ఇప్పుడు మన వాక్యం చూడండి. ‘గొళ్లెం నేనే పెట్టానట.’ దీన్ని రెండు గొంతులతో చదవొచ్చు. ‘నాకు గుర్తు లేదు, అక్క చెప్పింది’ అన్న నీరసమైన గొంతు ఒకటి. ‘నేనే పెట్టానట! ఎంత మాట!’ అని నింద మోపినవాళ్ళ మీద మండిపడే గొంతు ఇంకొకటి. నోటితో అంటే స్వరం తేల్చేస్తుంది. అచ్చులో స్వరం ఉండదు. అతను ఒప్పుకుంటున్నాడో, ఎదురు తిరుగుతున్నాడో పాఠకుడికి తెలియదు, బహుశా అతనికీ తెలియదు. ‘పెట్టాను’ అని దిద్దితే ఇదంతా పోయి నేరాంగీకారం ఒక్కటే మిగులుతుంది.

కామెంట్లలో ఒకరు మధ్యేమార్గం చెప్పారు: ‘గొళ్లెం నేనే పెట్టానని అక్క అంది’ అని రాస్తే గొడవే ఉండదని. నాకు మాత్రం అసలు గొడవ అక్కడే మొదలవుతుందనిపిస్తోంది. ఆ వాక్యంలో ‘నేను’ ఎవరు? ‘నేను రేపు వస్తానని తమ్ముడు చెప్పాడు’ అంటే వచ్చేది తమ్ముడు. మనం ‘అని’ వాడినప్పుడు ఎదుటివాళ్ళ ‘నేను’ను తరచూ అలాగే ఉంచేస్తాం. ఆ లెక్కన ‘గొళ్లెం నేనే పెట్టానని అక్క అంది’ అంటే గొళ్లెం పెట్టింది అక్క, ఇన్నాళ్ళకు కథకుడి దగ్గరికి వచ్చి ఒప్పుకుంది. అదే వాక్యాన్ని కథకుడి వైపు నుంచి చదివితే ‘నువ్వే పెట్టావు’ అని అక్క అతన్ని అంది. రెండూ సరైన తెలుగే. ఒక్క అక్షరం మార్చకుండా నేరం ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకు మారిపోతుంది.

‘అట’కు ఈ చిక్కు లేదు. ‘నేను పెట్టానట’లో ‘నేను’ కథ చెప్పేవాడే.

రచయితగా మీరు దీన్ని భయపడి వదులుకోకండి, వాడుకోండి. మొదటి భాగంలో అతని డైరీలో ‘గొళ్లెం నేనే పెట్టానని అక్క అంది’ అని ఉండనివ్వండి. పాఠకుడు అతన్నే దోషి అనుకుని ముందుకు వెళ్తాడు. చివరకు అక్క ఆ రోజు నిజంగా అన్నది ‘గొళ్లెం నేనే పెట్టాన్రా’ అని తెలిస్తే, డైరీ అబద్ధం చెప్పలేదు, పాఠకుడే ఒక అర్థాన్ని ఎంచుకున్నాడు. ఇంకా ఘోరం, మధ్యలో ఎప్పుడో తన డైరీ తానే తిరగేసి, కథకుడు కూడా ఆ తప్పు అర్థాన్నే ఎంచుకుని ఉంటాడు. కథకుణ్ణి నమ్మలేని నవలలు చాలా వచ్చాయి. కానీ ఈ మెలిక మన ‘అని’లోనే ఉంది. మన భాష చేతికి అందిస్తున్నదాన్ని ఎందుకు వదులుకోవాలి?

ఆ దారి కాకుండా మొదటి వాక్యంలోని ‘అట’నే ఉంచుకుంటే, ఒంటరి మనిషి కథకు దానితో ఇంకో లంకె ఉంది. ‘అట’ అనాలంటే ఇంకొకరు చెప్పి ఉండాలి. పది మందిలో ఉన్నవాడి జ్ఞాపకాన్ని ఆ పది మందీ సరిచేస్తూ ఉంటారు. ‘కాదురా, ఆ రోజు నువ్వు ఊళ్ళోనే లేవు’ అని ఎవరో ఒకరు అంటారు. తలుపులేసుకున్నవాడికి ఆ అదృష్టం లేదు. అక్క రాకముందు అధ్యాయాల్లో వీలైతే ఒక్క ‘అట’ కూడా పడకుండా చూసుకోండి. అన్నీ ‘చూశాను, విన్నాను, వెళ్ళాను’ అని నిక్కచ్చిగా ఉండాలి. చెప్పేవాళ్ళు లేని ఇంట్లో అనుమానం కూడా పుట్టదు కదా. అక్క వచ్చిన రాత్రి మొదటి ‘ట’ పడితే పాఠకుడి చెవికి తప్పక తగులుతుంది.

అక్కడి నుంచి ఆ ‘ట’ ఏమవుతుందన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. తర్కసంగ్రహం అనే పాత తర్కశాస్త్ర గ్రంథంలో అన్నంభట్టు స్మృతిని, అంటే జ్ఞాపకాన్ని, యథార్థం, అయథార్థం అని రెండుగా విడదీశాడు. సరైన అనుభవం నుంచి పుడితే యథార్థం, తప్పు అనుభవం నుంచి పుడితే అయథార్థం. ఆ లెక్కలో తప్పంతా చూసినప్పుడే జరిగిపోవాలి. సరిగ్గానే చూసి, తర్వాత విన్న మాట అందులో కలిసిపోతే? 1974లో లాఫ్టస్, పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగం దీని గురించే. 150 మంది విద్యార్థులకు కార్లు ఢీకొన్న ఫిల్ము చూపించి, వారిలో వంద మందిని వేగం ఎంత అని అడిగారు. కొందరిని అడిగేటప్పుడు ‘తగిలినప్పుడు’ లాంటి మాట, కొందరికి ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ లాంటి మాట వాడారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అని అడిగితే, గట్టి మాట విన్నవాళ్ళలో 32 శాతం చూశామన్నారు, మెత్తటి మాట విన్నవాళ్ళలో 14 శాతం. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు.

మీ కథకుడికీ ఇదే జరగనివ్వండి. అక్క వెళ్ళిన రాత్రి ‘పెట్టానట’. కొన్ని పేజీలయ్యాక ‘పెట్టి ఉంటాను’. ఇంకొన్నాళ్ళకు ‘పెట్టినట్టు గుర్తు’. ఆ తర్వాత ఒక పొద్దున ‘పెట్టాను, ఇనుము వేడిగా తగిలింది’. మధ్యలో కొత్త సాక్ష్యం ఏదీ రాలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. క్రియ చివర మాత్రమే మారుతూ వచ్చింది. వేడి ఇనుము అన్న చిన్న వివరం దగ్గర పాఠకుడు పూర్తిగా నమ్మేస్తాడు. మొదటి మెట్టు దగ్గరే ‘ట’ కొట్టేస్తే ఈ మెట్లన్నీ పోతాయి. ప్రూఫులు చూసేవారికి ఇదంతా ముందే చెప్పి, ఆ నాలుగు వాక్యాలూ అండర్‌లైన్ చేసి ఇవ్వండి.

రాత సంగతి కూడా అడిగారు. ‘పెట్టానట’ అని కలిపే రాయండి, విడదీస్తే చదువుతుంటే తడబడతాం. ‘పెట్టానంట’ కూడా తప్పేమీ కాదు. అక్క మాటల్లో ‘అంట’, డైరీలో ‘అట’ ఉంచితే ఎవరి గొంతు ఎవరిదో తెలుస్తుంది. ఒకవేళ చివరి అధ్యాయాల్లో డైరీలోకి కూడా ‘అంట’ వచ్చేస్తుంటే, అది మీరు కావాలని చేసిందై ఉండాలి.