పర్రలో మడ నాటాలా, పర్రను పర్రగానే ఉంచాలా?

బురదకాళ్ళు:
గోదావరి సముద్రంలో కలిసే మొగకు దగ్గర్లో ఒక పర్ర ఉంది, అంటే పోటు నీళ్ళెక్కే, చెట్లు లేని ఉప్పునేల. ఊరి పేరు రాయను, రాస్తే నేనెవరో కూడా తెలిసిపోతుంది. మూడేళ్ళుగా అక్కడ కొలతలు తీసే పని నాది. ఏడాదికి మూడు విడతలు: ఎండలు ముదిరిన మే నెల, గోదారి వరద తీశాక అక్టోబరు, మళ్ళీ జనవరి. మీటరు చదరపు చట్రం పడేసి అందులో ఏ మొక్క ఎంత పాకిందో రాసుకోవాలి. వేళ్ళ లోతు నుంచి నీరు తీసి ఉప్పు చూడాలి. పీత బొక్కలు లెక్కపెట్టాలి. పాతిన గెడల దగ్గర నిలబడి ప్రతిసారీ అదే దిక్కుకు ఫోటో తీయాలి. చెబితే సుళువుగానే ఉంటుంది. మోకాలి దాకా దిగబడే బురదలో, పోటు తిరిగేలోపు ఇవన్నీ అవ్వాలంటే మాత్రం ఆఫీసు కాలెండర్ కంటే పంచాంగమే ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పుడు ఈ పర్ర అంతటా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఉప్పునీటి ఒడ్డున పెరిగే మడ మొక్కలు నాటాలని ప్లాన్ తయారైంది. ఆ కాగితంలో దీన్ని ‘ఖాళీ భూమి’ అని రాశారు. నా నోటుబుక్కులో ఖాళీ ఎక్కడా కనబడదు. ఉప్పునేలలో పాకే ఇలకూర ఉంది, వంగరెడ్డి కూర ఉంది, మధ్యమధ్య ఉప్పు పేరుకున్న తెల్లటి మచ్చలున్నాయి. వానలకు పచ్చగా ఉండే ఇలకూర వేసవికి ఎర్రబడుతుంది. పోయిన మే నెలలో కొన్ని చోట్ల ఉప్పు సముద్రపు నీటికి రెట్టింపు చూపించింది. ఆ ఉప్పులోనూ బతికే మొక్క అది. దాన్ని తవ్వేసి మడ పెడితే బాగుచేసినట్టా, ఒకదాన్ని పీకి ఇంకోటి పెట్టినట్టా? మడ అంటే నాకూ ఇష్టమే. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిలో పడవెక్కిన ఎవరికి ఇష్టం ఉండదు! ఆఫీసులో అడిగితే "నీ పని కొలవడం" అన్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

కొలతకర్ర:
అమ్మాయ్, నేను తొంభైల చివర్లో కోరింగ వైపు ఆ కాలువల పనికి మేస్త్రీగా ఉన్నవాణ్ణి. చేపముల్లు కాలువ అంటే జనం మొక్కలు నాటే పథకం అనుకుంటారు. అసలు అది నీళ్ళ పని. మడను కూపులు వేసి, అంటే ముక్కలుగా విడగొట్టి వంతులవారీగా, మొత్తం నరికేసిన చోట నేలకు నీడ పోయింది. ఎండకు తేమ ఆవిరై నేల కుంగింది, పళ్ళెంలా తయారైంది. పోటుకు ఎక్కిన నీళ్ళు పాటుకు దిగవు, అక్కడే నిలబడి ఇగిరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. ఇక గింజ పడ్డా మొలవదు. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు తమిళనాడు పిచ్చావరంలో ఈ సంగతి తేల్చి, తర్వాత ఆ పద్ధతిని గోదావరికి, కృష్ణకు తెచ్చారు. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పైన వెడల్పు, అడుగున ఇరుకు. రోజూ రెండు పోట్లు వచ్చి పోతుంటే ఉప్పు కడుక్కుపోతుంది. మొక్క పెట్టేది కాలువ వాలులో సగం ఎత్తున. పోటుకు తడవాలి, మునిగి చావకూడదు. ఎక్కువగా తెల్ల మడే పెట్టాం, అంత ఉప్పుకు తట్టుకునేది అదే.

మేం తవ్విన చోట కూడా ఇలకూర తప్ప ఏమీ లేదు. మేమూ పర్ర అనే పిలిచేవాళ్ళం. ఇవాళ అందులోకి వెళ్తే మనిషికి మనిషి కనబడడు. అప్పుడు నీలాంటి వాళ్ళు వద్దని ఉంటే ఆ అడవి ఉండేదా?

ఉల్లంకి:
కొలతకర్ర గారి పని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆయన చెప్పింది నరికిన మడ సంగతి. ఎప్పుడూ మడ లేని పర్ర సంగతేంటి?

నేను ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్కకు కాకినాడ చుట్టుపక్కల తిరుగుతాను. సైబీరియాలో గుడ్లు పెట్టే గ్రేట్ నాట్ ఈ తీరానికీ వస్తుంది. ప్రపంచం మొత్తం మీద ప్రమాదంలో ఉన్న పక్షి అది. పాటు సమయంలో బురద మేటల మీద మేస్తుంది, అంతవరకు అందరికీ తెలుసు. పోటు ఎక్కి మేటలు మునిగాక ఎక్కడికి పోతుంది? నాలుగు దిక్కులా చూపు ఆనే బయలు కావాలి దానికి. చెట్లుంటే డేగ ఎటు నుంచి వస్తుందో తెలీదు, అందుకని అక్కడ వాలదు. ఆ బయలే పర్ర. కొరియాలో సేమాంగెమ్ బురద మేటల దగ్గర 2006లో సముద్రానికి అడ్డంగా గోడ మూసేసినప్పుడు, పక్షులు పక్క తీరానికి సర్దుకుంటాయని అనుకున్నవాళ్ళున్నారు. సర్దుకోలేదు. గ్రేట్ నాట్ సంఖ్య కూలిపోయింది.

దివిసీమ మనవడు:
పక్షులు సరే. మా నాయనమ్మ 1977 నవంబరు 19 రాత్రి తాటిచెట్టును కరుచుకుని బతికింది. మా వైపు ముసలివాళ్ళు ఇప్పటికీ ఉప్పెన ముందు, ఉప్పెన తర్వాత అనే కాలం లెక్కేస్తారు. సముద్రానికీ ఊరికీ మధ్య ఎన్ని చెట్లుంటే అంత మంచిదని మాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఇలకూర ఉప్పెనను ఆపుతుందా? పప్పులో వేసుకోవడానికి బాగుంటుంది గానీ.

పాతపటం:
దివిసీమ తమ్ముడూ, ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కానీ అల జోరు తగ్గాలంటే సముద్రం వైపు, ఏటి అంచున మడ దట్టంగా ఉండాలి. పర్రలు చాలావరకు ఆ అడవికి వెనక, కొంచెం ఎత్తులో ఉంటాయి. ముందున్న అడవిని కాపాడకుండా వెనక బయల్లో మొక్కలు పెట్టి, ఊరికి రక్ష అనుకుంటే ఎలా?

బురదకాళ్ళు గారూ, మీరొక ముఖ్యమైన ముక్క రాయలేదు. ఆ పర్ర నెలకు ఎన్నిసార్లు మునుగుతుంది? రోజూ మునిగే నేల అయితే మడకు చోటు. అమావాస్యకూ పౌర్ణమికీ మాత్రమే తడిసే నేల అయితే అది పుట్టుకతోనే ఇలకూరది. అక్కడ మీరెంత తవ్వినా మడ అక్కడ పరాయిదే. శ్రీలంకలో 2004 సునామీ తర్వాత తీరంలో చాలా చోట్ల మడ నాటారు. తర్వాత 23 చోట్ల వెళ్ళి చూస్తే, 9 చోట్ల ఒక్క మొక్క కూడా మిగల్లేదు. నేల ఎత్తు, నీటి రాకపోకలు చూసుకోకుండా నాటడం అందుకు పెద్ద కారణం.

చట్టం సంగతి కూడా చెబుతాను. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో మడ అడవులు ఏ తరగతిలో ఉన్నాయో ఉప్పు పర్రలూ అదే ఒకటి-ఎ తరగతిలో ఉన్నాయి. అంటే కాగితం మీద రెండిటికీ రక్షణ ఉంది. మరి పర్ర ఖాళీ భూమి ఎలా అవుతుంది? నా అనుమానం లెక్కల మీద. అటవీ సర్వే నివేదిక రెండేళ్ళకోసారి మడ విస్తీర్ణం చెబుతుంది. 2021 దాంట్లో ఆంధ్రప్రదేశ్‌కు 405 చదరపు కిలోమీటర్లు రాశారు. పర్రకు అందులో గడి లేదు. పర్రను మడ చేస్తే ఒక అంకె పెరుగుతుంది. తగ్గిన అంకె ఎక్కడా ఉండదు. 2023 జూన్ 5న మడ పెంచడానికి కేంద్రం పెట్టిన మిష్టి పథకం మొదలయ్యాక మడ నాటడానికి చోటు వెతికే తొందర ఇంకా పెరిగింది. ఖాళీగా కనిపించే చోటు ఏదంటే పర్రే.

వలకట్టు:
ఆయ్, మాదీ ఏటి ఒడ్డేనండి. మీరు పేరు రాయలేదు గానీ అలాంటి పర్ర మా దగ్గరా ఒకటుంది. మా చిన్నప్పుడు దాన్లోకి తూరుపు నుంచి ఒక కోడు, అదే చిన్న ఉప్పుటేరు, వచ్చేది, పడవ కూడా పట్టేది. రొయ్యల చెరువులొచ్చాక ఆ కోడు మీద గట్టేశారు. తూము పెడతామన్నారు. పాతికేళ్ళయింది, తూము ఇంకా దారిలోనే ఉందండి. నీళ్ళు రాక చచ్చిన పర్రను చూసి ఇప్పుడు కాలువలు తవ్వుతామంటున్నారు. ఆ గట్టు కోసి నాలుగు గొట్టాలు వేస్తే సగం పని అయిపోద్ది.

తవ్వకం వద్దని నేననను. రెండు నెలలు కూలీ దొరుకుద్ది, కాలువల్లో మండపీత పిల్లలు చేరతాయి. కానీ గేదెల సంగతి ఎవరూ మాట్లాడరేంటండి? లేత తెల్ల మడ గేదెకి పాయసం. మూడేళ్ళు కాపలా కాసేదెవరు? మా ఊరి గేదెలు మేం ఆపితే ఆగుతాయి, బోర్డు చూసి ఆగవు.

గట్టుమీద:
తిరిగి తిరిగి చెరువుల వాళ్ళ మీదకే వచ్చారు. వైరస్ కొట్టి పంట పోయిననాడు మా గురించి ఒక్కరూ పోస్టు పెట్టరు. గట్టుకు మా దగ్గర కాగితాలున్నాయి.

కొలతకర్ర:
కాగితాలున్న గట్టుకు తూము పెట్టకూడదని ఎక్కడా రాసి ఉండదు లేవయ్యా.

అమ్మాయ్, వలకట్టు చెప్పింది నిజమై ఉంటుంది, ముందు అది చూడు. పాతపటం అడిగిన దానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటుంది. మూరెడు పొడవు ఇనప చువ్వ తీసుకుని పర్ర అంతా పది అడుగులకొకసారి గుచ్చుకుంటూ వెళ్ళు. పాత మడ మొద్దులుంటే చేతికి టక్కున తగుల్తాయి. తగిలిన మేరకు అడవి ఉండేదన్నమాట. ఇంకో మాట. నాటడమంటూ జరిగితే వరద తీశాక, నేల ఉప్పు విరిగి ఉన్నప్పుడే జరగాలి. బిల్లులు మార్చి 31 లోపు పెట్టాలని ఫిబ్రవరిలో నాటించడం నా కళ్ళతో చూశాను. ఏప్రిల్ ఉప్పుకు లేత వేళ్ళు మాడిపోయాయి. ఆ ఏడాది రిజిస్టర్‌లో మాత్రం మొక్కలన్నీ బతికే ఉన్నాయి.

బురదకాళ్ళు:
పది రోజులకు మళ్ళీ వచ్చాను, ఆలస్యానికి సారీ. బాబాయ్ గారూ, మీ చువ్వ పట్టుకుని మూడు పాట్లు తిరిగాను. అరచేతులు బొబ్బలెక్కాయి. తూర్పు వైపు పల్లంలో, మొత్తంలో మూడో వంతు ఉంటుందేమో, అక్కడ మొద్దులు తగిలాయి. ఒకచోట చేత్తో తవ్వి తీశాను, నల్లగా కుళ్ళింది కానీ కర్రే. పడమటి ఎత్తులో ఒక్కటీ తగల్లేదు. నా గెడల మీద నీటి మరకలు కూడా అదే చెబుతున్నాయి: పల్లం వైపు ఎక్కువసార్లు తడుస్తుంది, ఎత్తు వైపు పెద్ద పోట్లకే. వలకట్టు గారూ, మా దగ్గరా గట్టు ఉంది. మూడేళ్ళు దాని మీద నుంచే నడిచి పనికి వెళ్ళాను, అది కోడుకు అడ్డమని ఒక్కసారీ తట్టలేదు. సిగ్గుగా ఉంది.

నేను రాయబోయేది ఇది: ముందు తూము. ఒక ఏడాది నీళ్ళు రానిచ్చి చూడటం. అప్పటికీ పల్లంలో ఉప్పు దిగకపోతే ఆ మూడో వంతులో మాత్రమే కాలువలు. ఎత్తు పర్ర జోలికి వెళ్ళకపోవడం. ఇలకూర మొదళ్ళలో చిక్కుకున్న మడ గింజలు రెండు మూడు చోట్ల మొలకెత్తి కనబడ్డాయి, కాబట్టి నాటకుండానే కొంత రావచ్చని నా ఆశ.

దివిసీమ మనవడు:
ఒక ఏడాది ఆగండి, చూడండి అనడం బాగానే ఉంటుంది. తుపాను ఆగుతుందా?

ఉల్లంకి:
కాలువల్లేకుండా నీళ్ళొచ్చినా ఎత్తు పర్ర పక్షులకు మిగులుతుంది. నాకు ఇది చాలు.

కొలతకర్ర:
నాకు చాలదు. పల్లంలో లోతుగా కాలువ తవ్వితే పక్కనున్న ఎత్తు నేలలో తేమ కూడా అటు లాగేస్తుంది. సగం తవ్వి సగం వదిలితే గీత గీసినట్టు ఆగే వస్తువు కాదు నీరు. మధ్యలో కొంత మేర తవ్వకుండా వదలాలి, ఎంతో కొలిచి రాయి.

వలకట్టు:
మధ్యలో వదలడం సరేనండి. తవ్విన మట్టి ఎక్కడ పోస్తారు? మా దగ్గర కాలువ పక్కనే కుప్పలు పోశారు. అవి ఎండి గట్టులై కూర్చున్నాయి, పోటు ఎక్కదు, ఇలకూరా లేదు మడా లేదు, తుమ్మ మొలిచింది.

బురదకాళ్ళు:
ప్లాన్ మళ్ళీ మొత్తం చదివాను. మట్టి గురించి ఒక్క లైను లేదు. అమావాస్య పోటుకు నీళ్ళు ఎంతవరకు ఎక్కుతాయో గుర్తులు పెట్టడానికి వెళ్తున్నాను, మట్టి మోయడానికి పడవ ఎంతవరకు వస్తుందో కూడా అప్పుడే చూస్తా. బాబాయ్ గారూ, వీలైతే మీరూ రండి. చెప్పులు వద్దు, బురద పీకేసుకుంటుంది.