అప్‌డేట్: రొయ్యల గుంటల నీళ్లు, పొలంలో ఉప్పు

రొయ్యల గుంటల నీళ్లు పంట కాలవలోకి వదులుతున్నారు, మడి తెల్లబడుతోంది, జిప్సం వేయొచ్చా అని ఆమధ్య అడిగాను. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు. ముందు మట్టి పరీక్ష చేయించమన్న అన్నలకు దండాలు.

మట్టిలో ఉప్పెంతో చెప్పే ఈసీ 4 దాటింది, క్షారమెంతో చెప్పే పీహెచ్ 8.5 లోపే. అంటే పాలచౌడు, ఉప్పు పేరుకున్న నేల. జిప్సం పనిచేసేది కారుచౌడుకి, అంటే సోడియం ఎక్కువై క్షారం ముదిరిన నేలకి. దీనికి మంచినీళ్లు నిలగట్టి, ఉప్పు కరిగాక మురుగు కాలవలోకి తీసేయాలి. పెన్నా నీళ్లు రాగానే గట్లు బిగించి, పక్క రైతులం కలిసి అదే చేశాం. గట్ల వెంబడి తెల్లపొర ఇంకా ఉంది గానీ, మడి మధ్యలో పచ్చిరొట్ట ఎరువుకని వేసిన జీలుగ మోకాలెత్తు లేచింది! పూతకి రాగానే కలియదున్నుతాం.

గుంటలవాళ్లతో ఊళ్లో కూర్చుని మాట్లాడాం. నీళ్లు తేరే గుంటలో నిలిపాకే, అదీ మురుగు కాలవలోకే వదలాలని ఒప్పుకున్నారు. ఒకాయన ఇంకా గుంట తవ్వలేదు, వదిలిపెట్టం. బోరు మాత్రం ఉప్పగానే ఉంది, ఆ నీళ్లు మడికి పెట్టట్లేదు.