పచ్చళ్ల ధరల పేజీలో కొరియర్ ఖర్చు ఎక్కడ చూపించాలి?

నమస్కారం అండీ. అమ్మా నేనూ కలిసి భీమవరం నుంచి ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్ముతున్నాం. ఆవకాయ పావుకిలో 160, అరకిలో 300, కిలో 560 రూపాయలు. కొరియర్ మాత్రం చివర్లో, పిన్‌కోడ్ కొట్టాక కలుస్తుంది. పావుకిలోకి హైదరాబాద్ పంపాలన్నా 90 పడుతోంది. అది చూడగానే చాలామంది కార్ట్‌లోనే వదిలేసి వెళ్లిపోతున్నారు.

నిన్న ఒకావిడ ఫోన్ చేసి, "160 అని చూపించి 250 అడుగుతారేంటమ్మా?" అన్నారు. చాలా బాధేసింది. ఆవిడ అన్నదీ నిజమే. ఇలా ఖర్చులు చివర్లో బయటపెట్టడాన్ని 2023 నవంబరులో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఆన్‌లైన్ ఎత్తులు) మార్గదర్శకాల్లో డ్రిప్ ప్రైసింగ్ అన్నారని తర్వాత తెలిసింది. కావాలని చేయలేదు కానీ, వెంటనే మార్చేయాలి.

కొరియర్ ధరలోనే కలిపేస్తే పావుకిలో 250 అని కనబడి కొత్తవాళ్లు జంకుతారు. ఎక్కువ తీసుకునేవాళ్లకి ఎంత తగ్గించాలో కూడా తేలడం లేదు. పేజీ పైనే పిన్‌కోడ్ అడగాలా? లేక పావుకిలో సీసాలు తీసేసి, మూడు రకాలు కలిపి ఒక ప్యాక్ పెట్టాలా? కొత్తవాళ్లు రుచి చూసేది పావుకిలోతోనే, తీయొద్దు అంటోంది అమ్మ.

ఇలాంటి వ్యాపారం చేస్తున్నవాళ్లు మీ పేజీలో ఏది ముందు పెట్టారో, దాంతో ఏం మారిందో కాస్త చెప్పగలరా?